పరుగు, మెదడు, మనస్సు: 'స్పార్క్' గ్రంథముపై ఒక విమర్శ

అమెరికా దేశమున, షికాగో నగరమునకు పడమటి దిక్కున నేపర్‌విల్ అను పట్టణము కలదు. అచ్చటి ఉన్నత పాఠశాలలో కొందరు విద్యార్థులు మొదటి పీరియడు గంట కొట్టకముందే వచ్చి ఒక మైలు దూరము పరుగెత్తెడివారు. ప్రతివాని ఛాతీకి ఒక పట్టీ, మణికట్టుకు గడియారము వంటి ఒక పరికరము ఉండెడివి. గుండె నిమిషమునకు ఎన్నిమారులు కొట్టుకొనుచున్నదో ఆ పరికరము చూపును. ఈ తరగతికి వారు పెట్టుకొనిన పేరు 'సున్న గంట'. హార్వర్డు వైద్య కళాశాలకు చెందిన మానసిక వైద్యుడు జాన్ రేటీ, ఎరిక్ హాగర్‌మన్ తోడ్పాటుతో 2008లో ప్రకటించిన 'స్పార్క్' అను ఆంగ్ల గ్రంథము ఈ మైదానముననే ప్రారంభమగును.

గ్రంథకర్త వాదము సూటియైనది. వ్యాయామము వలన కండలు బలియుట, గుండె గట్టిపడుట మొదలైనవి కేవలము పక్క లాభములని, అసలు లాభము మెదడుదేనని ఆయన చెప్పుచున్నారు. చదువు, ఒత్తిడి, ఆందోళన, కుంగుబాటు, ఏకాగ్రతాలోపము, దురలవాట్లు, స్త్రీల శరీరములో కలుగు మార్పులు, వార్ధక్యము అను విషయములకు ఒక్కొక్క అధ్యాయము కేటాయించినారు. వైద్యుడుగా తాను చూచిన రోగుల కథలను మెదడు శాస్త్రముతో కలిపి చెప్పు నేర్పు ఆయనకు కలదు. పుస్తకము చేత పట్టినచో క్రింద పెట్టబుద్ధి పుట్టదు.

ఇట్టి గ్రంథము ఉపాధ్యాయులకు సహజముగానే ప్రియమగును. పరీక్షలు దగ్గరపడినప్పుడు కాలపట్టిక నుండి మొట్టమొదట మాయమగునది డ్రిల్లు పీరియడే. దానిని లెక్కల మాస్టరో, సైన్సు మాస్టరో అడిగి పుచ్చుకొనుట వాడుక. ఆ పీరియడు పక్షమున ఒక మానసిక వైద్యుడు వకాల్తా పుచ్చుకొనుట సంతోషింపదగినదే. అయితే మనస్సుకు నచ్చిన తీర్పు వినబడినప్పుడే సాక్ష్యములను మరింత నిదానముగా పరీక్షించవలసి యుండును.

మొదటి సాక్ష్యము నేపర్‌విల్. 1999లో జరిగిన 'టిమ్స్' అను అంతర్జాతీయ పరీక్షలో ఆ ఊరి ఎనిమిదవ తరగతి విద్యార్థులు విజ్ఞానశాస్త్రమున ప్రపంచములో మొదటి స్థానమును, గణితమున ఆరవ స్థానమును పొందిరి. పరుగునకును ఈ ఫలితమునకును సంబంధము కలదని గ్రంథము సూచించుచున్నది. కాని పోలిక దేనితో? సింగపూరు, జపాను వంటి దేశముల నలుమూలలనుండి ఎంచిన పిల్లలతో ఒకే ఒక సంపన్న పట్టణపు పిల్లలను పోల్చిరి. చదువుకొనిన తలిదండ్రులు, ధనము గల పాఠశాలలు, తిండికి లోటులేని ఇండ్లు అచ్చట ముందే ఉన్నవి. ఈ సంగతిని రేటీ దాచలేదు, తానే పేర్కొనినారు. పేర్కొనిన పిమ్మట దాని బరువును మాత్రము తూకములో వేయలేదు.

'సున్న గంట' లెక్క ఇంకను ఆసక్తికరమైనది. చదువుటలో వెనుకబడిన పిల్లలలో కొందరు ఉదయమే పరుగెత్తి, పిమ్మట పఠన తరగతికి కూర్చుండిరి. తక్కినవారు మామూలుగానే వచ్చి, మామూలు వ్యాయామ తరగతికి వెళ్లిరి. ఆ అర్ధ సంవత్సరము ముగిసినప్పుడు మొదటివారి పఠన సామర్థ్యము 17 శాతము, రెండవవారిది 10.7 శాతము పెరిగెనని గ్రంథము చెప్పుచున్నది. అంకెలు చూడముచ్చటగానే యున్నవి. అయితే ఉదయమున చేరుట విద్యార్థుల ఇష్టమునకు వదలిరి. చలిలో దుప్పటి తన్ని లేచుటకు ఒప్పుకొనిన పిల్లవానికి, ఒప్పుకొనని పిల్లవానికి మొదటినుండియే తేడా ఉండదా? పట్టుదల, ఇంటివారి ప్రోత్సాహము, ఆరోగ్యము, ఏదైనను కారణము కావచ్చును. చీట్లు వేసి పిల్లలను రెండు జట్లుగా పంచియుండినచో ఈ సందేహమునకు తావుండెడిది కాదు. ప్రయోగశాలలో ఒకే బంగాళాదుంపను రెండు ముక్కలు చేసి, ఒకటి ఉప్పునీటిలోను, ఒకటి మంచినీటిలోను వేయుమని తొమ్మిదవ తరగతి వారికి చెప్పుదురు కదా! వేర్వేరు దుంపలు తీసుకొనినచో తేడా నీటిదో, దుంపదో తెలియదు.

సంపన్నుల ఊరు అను ఆక్షేపణకు సమాధానముగా పెన్సిల్వేనియా రాష్ట్రములోని టైటస్‌విల్ అను పేద పట్టణమును రేటీ చూపినారు. అచ్చటను ఇట్టి వ్యాయామము ప్రవేశపెట్టిన తరువాత మార్కులు పెరిగినవనియు, పిల్లల ముష్టియుద్ధములు నిలిచిపోయినవనియు వ్రాసినారు. విద్యార్థుల మనస్థితిని తలచువారికి ఈ రెండవ సంగతి మార్కులకంటె విలువైనది. కాని ఒక పాఠశాల తన పద్ధతిని మార్చుకొనినప్పుడు వ్యాయామ మొక్కటే మారదు. కాలపట్టిక, ఉపాధ్యాయుల ఉత్సాహము, పిల్లలపై వారి దృష్టి అన్నియు కలిసి మారును. పోల్చుటకు మారని పాఠశాల ఒకటి పక్కన లేనిదే కారణమును విడదీయుట సాధ్యము కాదు.

కుంగుబాటు అధ్యాయమునకు వచ్చునప్పటికి సాక్ష్యము గట్టిపడును. డ్యూక్ విశ్వవిద్యాలయములో బ్లూమెంథాల్ బృందము 1999లో ప్రకటించిన పరిశోధన దీనికి వెన్నెముక. 50 ఏండ్లు నిండి, తీవ్రమైన కుంగుబాటుతో బాధపడుచున్న 156 మందిని యాదృచ్ఛికముగా మూడు జట్లుగా విభజించిరి. ఒక జట్టు వారమునకు మూడు దినములు పర్యవేక్షణలో వేగముగా నడచుటయో, పరుగెత్తుటయో చేసెను. రెండవ జట్టు సెర్ట్రలిన్ అను మందు పుచ్చుకొనెను. మూడవ జట్టు రెండును చేసెను. 16 వారముల పిమ్మట వ్యాయామపు జట్టులో 60 శాతమునకు, మందు జట్టులో 69 శాతమునకు, ఉమ్మడి జట్టులో 66 శాతమునకు దాదాపుగా రోగలక్షణములు తొలగిపోయినవి. ఈ తేడాలు లెక్కలోనికి రానంత చిన్నవి. మందు మొదటి వారములలో త్వరగా పనిచేసినది. చివరకు వ్యాయామము దానిని అందుకొనినది. మరి ఆరు మాసములకు చూడగా, కోలుకొనిన వారిలో రోగము తిరుగబెట్టినది వ్యాయామపు జట్టులో 8 శాతమునకు, మందు జట్టులో 38 శాతమునకు, ఉమ్మడి జట్టులో 31 శాతమునకు.

చివరి అంకె వద్ద ఒక్క క్షణము ఆగవలెను. వ్యాయామము మంచిది, మందును మంచిదే అయినచో, రెండును కలిపిన జట్టు అన్నిటికంటె బాగుండవలెను కదా. అట్లు జరుగలేదు. తన ప్రయత్నము వలననే కోలుకొంటినన్న నమ్మకము మందు కలిసినప్పుడు సడలియుండవచ్చునని ఆ పరిశోధకులు ఊహించిరి. ఇదే నిజమైనచో లాభము రసాయనములలో మాత్రమే లేదు; మనిషి తన్నుగూర్చి తాననుకొను దానిలోను ఉన్నది. మెదడు రసాయనముల మీదనే మక్కువ చూపిన ఈ గ్రంథములో ఇట్టి వివరణకు దొరకవలసినంత చోటు దొరకలేదు.

ఈ పరిశోధనలో మరియొక లోపము కలదు. ఏ చికిత్సయు లేని జట్టు లేదు. కుంగుబాటు కొందరిలో కాలక్రమమున తనంత తానే తగ్గును. వారమునకు మూడుమార్లు నలుగురిని కలిసికొనుట, పలుకరించు మనిషి యుండుట కూడ ఉపశమనమునకు కారణములే. ఆ బృందమే ఈ లోపమును గుర్తించి 2007లో 202 మందితో మరల ప్రయోగము చేసెను. ఈమారు ఒక జట్టునకు మందు లేని ఉత్తి మాత్ర ఇచ్చిరి. పర్యవేక్షణలో వ్యాయామము చేసిన వారిలో 45 శాతము, ఇంటివద్ద చేసిన వారిలో 40 శాతము, మందు తీసుకొనిన వారిలో 47 శాతము కోలుకొనిరి. ఉత్తి మాత్ర మ్రింగిన వారిలోను 31 శాతము కోలుకొనిరి! వ్యాయామమునకు లాభము లేదని దీని అర్థము కాదు. కాని లాభముగా కనిపించిన దానిలో చాల భాగము ఎచ్చటనుండి వచ్చుచున్నదో ఆ 31 చెప్పుచున్నది. మందుకును ఇదే సూత్రము వర్తించునని మరువరాదు.

గ్రంథము వెలువడిన తరువాత ఈ రంగములో పని ఆగలేదు. ఇంగ్లండులో 361 మందితో జరిపి 2012లో ప్రకటించిన ఒక పరిశోధనలో, మామూలు వైద్యముతోపాటు వ్యాయామము చేయుటకు సలహా, ప్రోత్సాహము ఇచ్చిరి. వారి కదలిక పెరిగినది. కాని మామూలు వైద్యము మాత్రమే పొందిన వారికంటె కుంగుబాటు ఎక్కువగా తగ్గలేదు. 2013లో కోక్రేన్ సమీక్షకులు 35 ప్రయోగములను కూడి లెక్కించగా, వ్యాయామపు ప్రభావము ప్రామాణిక విచలనములో 0.62 వంతుగా తేలినది. ఇది మధ్యస్థమైన ప్రభావము. వానిలో అన్ని జాగ్రత్తలతో నడిపిన 6 ప్రయోగములను మాత్రమే తీసుకొనినచో అది 0.18కి పడిపోయినది, అనగా ఉన్నదో లేదో గట్టిగా చెప్పలేనంత. 2024లో బ్రిటిషు మెడికల్ జర్నల్ ప్రకటించిన మరియొక సమీక్ష 218 పరిశోధనలను, 14,170 మందిని పరిశీలించి, నడక, పరుగు, యోగాభ్యాసము, బరువులెత్తుట మొదలైనవి మేలు చేయుచున్నవని నిర్ణయించినది. ఆ సమీక్షకులే సాక్ష్యపు నాణ్యత తక్కువ యని కూడ ఒప్పుకొనిరి. మాత్రను మారువేషమున ఇయ్యవచ్చును; పరుగును మారువేషమున ఇచ్చుట ఎట్లు? పరుగెత్తువానికి తాను పరుగెత్తుచున్నానని తెలియును. ఈ చిక్కు తీరునది కాదు.

ఈ అంకెలన్నియు పెద్దవారివి. హైస్కూలు వయస్సు వారి సంగతి వేరుగా చూడవలెను. 2023లో బాలబాలికలపై జరిగిన 21 ప్రయోగములను కలిపి చూచినప్పుడు కుంగుబాటు లక్షణములు 0.29 ప్రామాణిక విచలనము మేరకు తగ్గినట్లు కనబడినది. చిన్న లాభమే, కాని లాభమే. ఖర్చు లేనిది, దేహమునకు ఎట్లైనను మేలు చేయునది ఇంతమాత్రమైన ఇచ్చుట తక్కువ విషయము కాదు. 'విప్లవము' అను మాట దీనికి పెద్దది. ఆ మాట పుస్తకపు అట్టమీదనే ఉన్నది.

మెదడులో జరుగు వ్యవహారమును వర్ణించు భాగములు విద్యార్థులను ఎక్కువగా ఆకర్షించును. అందుచే అచ్చట జాగ్రత్తయు ఎక్కువ కావలెను. బి.డి.ఎన్.ఎఫ్. అను ఒక ప్రోటీను నాడీకణములు బ్రతుకుటకు, కొమ్మలు వేయుటకు తోడ్పడును. రేటీ దీనిని తోటలో మొక్కలకు వేయు ఎరువుతో పోల్చినారు. చక్రములో పరుగెత్తిన ఎలుకల మెదడులో, హిప్పోకాంపస్ అను భాగమున, ఈ ప్రోటీను పెరుగునని 1995లో తెలిసినది. పరుగెత్తిన చిట్టెలుకల మెదడులో క్రొత్త నాడీకణములు ఎక్కువగా పుట్టునని 1999లో తేలినది. ఇవి నిక్కమైన ఆవిష్కరణలు. కాని ఎలుక మెదడును కోసి చూచినట్లు బ్రతికియున్న మనిషి మెదడును చూడలేము. మనుష్యులలో కొలుచునది రక్తములోని బి.డి.ఎన్.ఎఫ్.; అందులో అధిక భాగము రక్తఫలకికలలో నిల్వయుండునది. రక్తములో పెరిగినంతనే మెదడులోను అంతే పెరిగినదని చెప్పుట తొందరపాటు. పెద్దవారి మెదడులో క్రొత్త నాడీకణములు అసలు పుట్టునా యను ప్రశ్నపైననే 2018లో రెండు పరిశోధక బృందములు ఒకదానికొకటి విరుద్ధమైన ఫలితములను ప్రకటించినవి. మరియొకవైపు, 2011లో 120 మంది వృద్ధులపై జరిగిన ప్రయోగములో, ఒక సంవత్సరము నడచిన వారి హిప్పోకాంపస్ పరిమాణము సుమారు 2 శాతము పెరుగగా, కండరములు సాగదీయు వ్యాయామము మాత్రమే చేసిన వారిలో 1.4 శాతము తగ్గినది. మార్గము కనబడుచున్నది, పటము ఇంకను పూర్తి కాలేదు. గ్రంథము చదివినవారికి పటము గోడకు తగిలించినట్లే తోచును.

పరుగు వలన కలుగు ఆనందమునకు ఎండార్ఫిన్లే కారణమను మాట ఈ గ్రంథమునకే పరిమితము కాదు, వార్తాపత్రికలన్నియు చెప్పునదే. రక్తములో ప్రవహించు ఎండార్ఫిన్లు మెదడు చుట్టునున్న అవరోధమును సులభముగా దాటలేవు. 2021లో ప్రకటించిన ఒక ప్రయోగములో ఎండార్ఫిన్లు పనిచేయకుండ అడ్డుకొను మందును ఇచ్చి పరుగెత్తించినను, పరుగెత్తినవారికి ఉల్లాసము తగ్గలేదు. శరీరములో సహజముగా పుట్టు ఎండోకన్నబినాయిడ్లు అను క్రొవ్వు జాతి పదార్థముల మీదికి ఇప్పుడు శాస్త్రజ్ఞుల దృష్టి మళ్లినది. పాఠము చెప్పునప్పుడు ఎండార్ఫిన్ పేరు ఎత్తక తప్పదనుకొను ఉపాధ్యాయుడు ఈ సంగతిని కూడ చెప్పుట న్యాయము.

గ్రంథములో మిక్కిలి మేలైన అధ్యాయము ఆందోళనను గూర్చినది. భయము కలిగినప్పుడు గుండె దడదడలాడును, ఊపిరి వేగమగును, చెమట పట్టును. ఆందోళన రోగికి ఈ దడయే మరియొక భయమును పుట్టించును. గుండె ఆగిపోవునేమో యని బెదరును. బెదరినకొలది దడ హెచ్చును. పరుగెత్తినప్పుడును ఇదే దడ, ఇదే చెమట. కాని పిమ్మట ఏ ఆపదయు రాదు. పది దినములు, ఇరువది దినములు ఇట్లు జరిగిన పిమ్మట దడ వేరు, ఆపద వేరు అని శరీరమే నేర్చుకొనును. జర్మనీలో 1998లో 46 మంది తీవ్ర భయరోగులపై 10 వారముల ప్రయోగము జరిగినది. పరుగు, క్లోమిప్రమిన్ అను మందు రెండును ఉత్తి మాత్రకంటె మెరుగుగా పనిచేసినవి. మందు త్వరగాను, ఎక్కువగాను పనిచేసినదని కూడ చెప్పవలెను. ఈ అధ్యాయములో వాదము రసాయనముల పేర్ల మీద ఆధారపడలేదు. విద్యార్థి తన అనుభవముతో పరీక్షించుకొనగల విషయము మీద ఆధారపడినది. దాని బలము అందులోనే ఉన్నది.

ఇక గ్రంథములో గొప్ప సంఘటన ఒకటి కలదు. దాని విలువను గ్రంథకర్త సగమే వాడుకొనినారని చెప్పవలసియున్నది. నేపర్‌విల్ వ్యాయామోపాధ్యాయుడు ఫిల్ లాలర్ ఒకనాడు మైలు పరుగులో వెనుకబడిన ఒక బాలిక పరికరమును చూచెను. ఆటలలో ఆమెకు ఏ ప్రావీణ్యమును లేదు. పాత పద్ధతిలో అయినచో బద్ధకస్తురాలని తక్కువ మార్కులే పడియుండును. కాని ఆమె గుండె తన గరిష్ఠ వేగమునకు చేరువలో కొట్టుకొనుచున్నట్లు పరికరము చూపినది. తరగతిలో అందరికంటె వెనుక వచ్చిన పిల్ల అందరికంటె ఎక్కువ శ్రమపడుచుండవచ్చునని ఆ ఉపాధ్యాయునకు అప్పుడు తెలిసినది. అంతటితో మార్కులు వేగమునకు గాక శ్రమకు వేయుట మొదలుపెట్టిరి.

మనస్సుకు మేలు చేసినది పరుగా, ఈ మార్పా? గ్రంథము ఈ ప్రశ్నను అడుగలేదు. వ్యాయామ తరగతి ప్రతి బాలునకు, బాలికకు ఆనందమునే కలిగించునని అనుకొనుట పొరపాటు. జట్టులను ఎన్నుకొనునప్పుడు చివరివరకు మిగిలిపోవు పిల్లవానికి, లావుగా నున్నాడని నవ్వులపాలగు వానికి, చాలీచాలని బట్టలతో మైదానమునకు రావలసిన బాలికకు అదే పీరియడు వారమంతయు వెన్నాడు భయము. పరుగెత్తలేదని గుంజీలు తీయించుట, ఆలస్యముగా వచ్చినందుకు మైదానము చుట్టు పరుగెత్తించుట ఇప్పటికిని కొన్నిచోట్ల కనబడును. వ్యాయామమును శిక్షగా వాడి, దానినుండి ఉల్లాసము పుట్టవలెనని కోరుట విడ్డూరమే. అమెరికాలో 12 లక్షల మందిని ప్రశ్నించి 2018లో ప్రకటించిన పరిశీలనలో, వ్యాయామము చేయువారికి మనస్సు బాగుండని దినములు నెలకు 43 శాతము తక్కువగా నుండినవి. అన్నిటికంటె ఎక్కువ తేడా కనిపించినది నలుగురితో కలిసి ఆడు ఆటలలో. దినమునకు మూడు గంటలకు మించి చేసినవారి స్థితి మాత్రము అసలు చేయని వారికంటె అధ్వాన్నముగా నుండినది. ఇది ఒక్కమారు అడిగి వ్రాసికొనిన లెక్క. మనస్సు బాగున్నవాడే ఆటకు పోవుచుండవచ్చును. అయినను ఎంత పరుగెత్తితిమను దానితోపాటు ఎవరితో, ఎట్టి పరిస్థితిలో అను ప్రశ్నయు ఉన్నదని ఈ లెక్క సూచించుచున్నది.

మరియొక చోట గ్రంథపు ఉత్సాహము అపాయకరము కాగలదు. కుంగుబాటు ముదిరినవానికి పక్కమీదనుండి లేచుటయే కొండ నెక్కుట వంటిది. లేవలేకపోవుట ఆ రోగ లక్షణములలో ఒకటి. అట్టి విద్యార్థితో 'రోజూ పరుగెత్తు, అదే పోవును' అని చెప్పినచో, పరుగెత్తలేకపోవుట కూడ తన తప్పుగానే అతడు లెక్కించుకొనును. నిద్ర, ఆకలి చెడి, ఆటలపై, స్నేహితులపై ఆసక్తి పోయి రెండు వారములు దాటిన పిల్లవానిని మైదానమునకు పంపుటకు ముందు వైద్యునివద్దకు పంపవలెను. భారత ప్రభుత్వము 2022లో ప్రారంభించిన టెలి మానస్ సహాయ కేంద్రమునకు 14416 సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చును. రేటీ స్వయముగా వైద్యుడు. మందులను మానుమని ఆయన ఎచ్చటను చెప్పలేదు. కాని కథలన్నియు పరుగుతో కోలుకొనిన వారివే అయినప్పుడు పాఠకుని మనస్సున నిలుచునది కథయే గాని, దాని క్రింది హెచ్చరిక కాదు.

ఛాతీ పట్టీలు, మణికట్టు పరికరములు కొనుటకు జిల్లా పరిషత్తు పాఠశాలకు శక్తి లేదని ఈ గ్రంథమును పక్కన పెట్టనక్కరలేదు. మణికట్టు వద్ద బొటనవ్రేలి వైపున రెండు వ్రేళ్లు ఆనించి, 15 సెకండ్లు నాడి లెక్కపెట్టి, 4చే గుణించినచో నిమిషపు లెక్క వచ్చును. పరుగు ఆపిన వెంటనే లెక్కింపవలెను, ఏలననగా మొదటి నిమిషములోనే వేగము త్వరత్వరగా తగ్గిపోవును. ఉబ్బసము, గుండె జబ్బు గల పిల్లలను నడకకు పరిమితము చేయవలెను. కూర్చున్నప్పటి నాడి, పరుగు ఆపినప్పటి నాడి, రెండు నిమిషముల పిమ్మటి నాడి అని మూడు గడులు గీచి, ప్రతి విద్యార్థి తన పుస్తకములో తన అంకెలనే వారము వారము వ్రాసికొనవచ్చును. నాలుగవ గడిలో ఆ పూట మనస్సు ఎట్లున్నదో 1 నుండి 10 వరకు ఒక అంకె వేసికొనవచ్చును. దానిని ఎవరికిని చూపనక్కరలేదు. ఒక టర్ము గడచునప్పటికి జీవశాస్త్ర ఉపాధ్యాయునికి నాడిని గూర్చిన పాఠము, గణితోపాధ్యాయునికి రేఖాపటములు గీయించుటకు సామగ్రి దొరకును. డ్రిల్లు పీరియడును అడిగి పుచ్చుకొనవలసిన అవసరమే వారికి కలుగదు.